డాబా మీద నల్లేరు: పెంచడం సులువే, పని అంతా వంటింట్లోనే

నీళ్లు పోయడం మర్చిపోయే ఇంటికి, నాలుగు పలకల కాడతో పాకే నల్లేరు తీగంత మంచి మొక్క లేదు. హైదరాబాద్ మే ఎండకి, 40 డిగ్రీలు దాటినా, షేడ్ నెట్ లేకుండా డాబా మీదే ఉంటుంది. ఆకులు రాలి కాడ కాస్త ముడుచుకుంటుంది, అంతే. తొలకరి పడగానే కొసల్లో కొత్త కణుపులు వేస్తుంది. దీన్ని చంపేది ఎండ కాదు, నీళ్లు.

నర్సరీలో కొనక్కర్లేదు. ఉన్నవాళ్లని అడిగి 2, 3 కణుపుల ముదురు కాడ తెచ్చుకోండి. రెండు మూడు రోజులు నీడలో పడేస్తే కోసిన చోట ఆరుతుంది. ఆ తర్వాత ఒక కణుపు మట్టిలో మునిగేలా గుచ్చాలి. పచ్చి గాయంతో నాటితే కుళ్లుతుంది. 12 అంగుళాల కుండీలో ఎర్రమట్టి 2 పాళ్లు, ఇసుక 1, వర్మీకంపోస్ట్ 1. వారానికోసారి నీళ్లు, వానాకాలంలో అదీ వద్దు. కుండీ కింద పళ్లెం తీసేయండి. అందులో నిలిచిన నీటికే మొదలు మెత్తబడుతుంది. మెత్తబడితే పైన గట్టిగా ఉన్న ముక్క కోసి మళ్లీ నాటుకోవడమే. ఎండ తగలని బాల్కనీలో సన్నగా సాగుతుంది తప్ప కండ పట్టదు. పిండినల్లి (తెల్లటి పిండిలా అంటుకునే పురుగు) చేరితే పైపు ధారతో కడగండి.

ఇక వంట, అంటే నల్లేరు పచ్చడి. చేతులకి నూనె రాసుకోకుండా ముట్టుకోవద్దు. కాడలోని కాల్షియం ఆక్సలేట్ సూదులు దురద పెడతాయి. కొస నుంచి రెండు మూడు కణుపులే తీసుకోవాలి, గిల్లితే పుటుక్కున తెగాలి. కణుపుల దగ్గరి ముడులు కోసేసి, నాలుగు అంచుల పీచూ చిక్కుడుకాయకి తీసినట్టు లాగేయాలి. కప్పు ముక్కలకి 2 టేబుల్ స్పూన్ల నువ్వులనూనె పోసి, సన్నమంట మీద పచ్చదనం పూర్తిగా పోయి ముక్క ముడుచుకునేదాకా వేయించండి. ఇక్కడ తొందరపడితే పచ్చడి మొత్తం గొంతులో గీరుతుంది. చింతపండు చిన్న నిమ్మకాయంత, దీన్నీ తగ్గించొద్దు. ఎండుమిర్చి 8, మినప్పప్పు చెంచా, నువ్వులు 2 చెంచాలు, వెల్లుల్లి 5 రెబ్బలు వేయించి కలిపి రుబ్బుకోవాలి.

రుచి కాస్త వగరు. గోంగూర పులుపు ఆశించి తింటే నచ్చదు. వేడన్నంలో నెయ్యి కంటే నువ్వులనూనే నప్పుతుంది.

ఎముకలు అతుక్కోవడానికి నాటువైద్యంలో వాడతారు. అది నమ్మి సిమెంటు కట్టు మానేయకండి. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా తినొద్దు.