విచారణ జూబిలీ: ఏ తేదీ నుంచి లెక్కపెట్టడం మేలు?

చిన్న పట్టణంలోని కతోలిక విచారణలో, అంటే ఒక గురువు (ఫాదర్) చూసుకునే విశ్వాసుల సమూహంలో (పారిష్‌లో), జూబిలీ కమిటీ కూర్చుందంటే, చందాల మాట కన్నా ముందే లేచే ప్రశ్న ఒకటుంది. ‘యాభై ఏళ్లంటున్నాం సరే, ఎప్పటి నుంచి?’ ఒకరు గోడమీది శిలాఫలకం చూపిస్తారు. ఇంకొకరు ‘అంతకు పదేళ్ల ముందే మా నాన్నగారి జ్ఞానస్నానం ఇక్కడ జరిగింది కదా’ అంటారు. విచారణ గురువేమో బిషప్ గారి ఆఫీసులో కాగితం చూడాలంటారు. చిక్కేమిటంటే, ముగ్గురి మాటా నిజమే. ఒక్కొక్కరు ఒక్కో పుట్టుక గురించి మాట్లాడుతున్నారు, అంతే.

శంకుస్థాపన తేదీని ముందే పక్కన పెట్టేద్దాం. కంటికి కనిపించే ఫలకం అదే కాబట్టి చాలామంది దాన్నే పట్టుకుంటారు. కానీ రాయి వేసిన రోజుకూ గుడి పూర్తయిన రోజుకూ మధ్య ఎంత కాలమైనా పట్టవచ్చు. రోములోని పునీత పేతురు బసిలికాకు (పెద్ద గుడికి) మొదటి రాయి వేసింది 1506 ఏప్రిల్ 18న. ప్రతిష్ఠ జరిగింది 1626 నవంబరు 18న. మధ్యలో 120 ఏళ్లు! శ్రీసభ (కతోలిక సంఘం) ఏటా గుర్తు చేసుకునేది నవంబరు 18నే. రోములోనే ఉన్న లాతరాను బసిలికాకు కూడా నవంబరు 9న లోకమంతటా జరిపేది ప్రతిష్ఠ పండుగే.

మరి ప్రతిష్ఠ తేదీ నుంచే లెక్కపెడితే? దీనికి గట్టి బలముంది. ప్రతిష్ఠలో బిషప్ గారు బలిపీఠానికీ గోడలకూ పరిశుద్ధ తైలం పూస్తారు. తైలం పూసిన చోట్ల పన్నెండు గానీ నాలుగు గానీ శిలువలు ఉంటాయి. ఆ రోజు రాసిన పత్రం ఒక ప్రతి మేత్రాసన (బిషప్ గారి పరిధిలోని ప్రాంతపు) కార్యాలయంలో, ఇంకో ప్రతి గుడిలో ఉండాలని శ్రీసభ చట్టం చెబుతుంది. కాబట్టి పత్రం చిక్కితే తేదీ మీద వాదన ఉండదు. పైగా ఆ గుడి వరకు ఏటా ఆ రోజు మహోత్సవమే. సామాన్య కాలంలో ఆదివారం నాడు వస్తే ఆదివారపు పూజ బదులు ఈ మహోత్సవ పూజే చేస్తారు.

కానీ పాత గుళ్లలో ఓ మెలిక ఉంది. చాలా వాటికి ఆశీర్వాదమే జరిగింది, ప్రతిష్ఠ జరగలేదు. 1917 నాటి శ్రీసభ చట్టం ప్రకారం కర్రతోనో ఇనుముతోనో కట్టిన గుడిని ఆశీర్వదించవచ్చు గానీ ప్రతిష్ఠించకూడదు. మొదటి తరం వాళ్లు కర్రలతో కట్టుకున్న చిన్న గుడిలో ఇరవై ఏళ్లు పూజలు జరిగి ఉండవచ్చు. ప్రతిష్ఠ తేదీనే పట్టుకుంటే ఆ ఇరవై ఏళ్లూ లెక్కలోంచి జారిపోతాయి. పాత గుడి కూల్చి కొత్తది కట్టినప్పుడూ అంతే. కొత్త గుడికి కొత్త తేదీ వస్తుంది గానీ జనం కొత్తవాళ్లు కారు కదా.

అందుకే నా ఓటు బిషప్ గారి ఆజ్ఞాపత్రానికి, అంటే విచారణగా ఏర్పరిచిన తేదీకి. 1983 నాటి శ్రీసభ చట్టం విచారణకు చెప్పిన నిర్వచనంలో భవనం ప్రస్తావనే లేదు. స్థిరంగా ఏర్పడిన విశ్వాసుల సమూహం, వాళ్లను చూసుకునే గురువు, పైన బిషప్ గారు, ఇంతే. విచారణను ఏర్పరచడం, రద్దు చేయడం, మార్చడం మేత్రాసన బిషప్ ఒక్కరి చేతిలోనే ఉంది. అదైనా గురువుల సభ అభిప్రాయం విన్నాకే. ఇంకో విచారణకు ఉప కేంద్రంగా ఉన్న ఊరు తన కాళ్లమీద తాను నిలబడిన రోజు అది. ‘విచారణ జూబిలీ’ అన్నప్పుడు ఆ మాటకు నేరుగా సరిపోయే తేదీ ఇదొక్కటే.

పత్రం దొరకలేదా? జ్ఞానస్నానాల పుస్తకం తెరవండి. ఈ పుస్తకాలకు పెద్ద చరిత్రే ఉంది. పెళ్లిళ్లను పుస్తకంలో రాయాలని శ్రీసభ బిషప్పుల ట్రెంట్ మహాసభ 1563లో ఆజ్ఞ ఇచ్చింది. 1614లో వచ్చిన రోమను కర్మకాండ గ్రంథం (సంస్కారాలు ఎలా జరపాలో చెప్పే పుస్తకం) జ్ఞానస్నానాలకు, మరణాలకు కూడా విడివిడిగా పుస్తకాలు పెట్టించింది. నేటి చట్టం కూడా పాత పుస్తకాలను జాగ్రత్తగా దాచమంటుంది. మీ విచారణ సొంత పుస్తకంలో మొదటి పేజీ తేదీ ఆజ్ఞాపత్రం తేదీకి దగ్గర్లోనే ఉండే అవకాశం ఎక్కువ. అంతకు ముందు జ్ఞానస్నానం పొందిన పిల్లల పేర్లు మాతృ విచారణ (అంతకు ముందు మీ ఊరు ఉప కేంద్రంగా ఉన్న విచారణ) పుస్తకంలో వెతకాలి. ‘మా నాన్నగారు’ అన్న పెద్దాయన మాటకు రుజువు అక్కడ దొరుకుతుంది.

అంకె ఆజ్ఞాపత్రం నుంచి తీసుకున్నా, చరిత్ర పుస్తకాన్ని మాత్రం ఆ మొదటి జ్ఞానస్నానంతోనే మొదలుపెట్టాలి. జూబిలీ సంచికలు చాలావరకు గురువుల ఫొటోలు వరసగా వేసి, కింద వచ్చిన ఏడాది, వెళ్లిన ఏడాది రాసి ఊరుకుంటాయి. చదివేవాళ్లుండరు. విచారణ పాత పుస్తకాల పేజీలు వేరే కథ చెబుతాయి. ఏ ఏడాది జ్ఞానస్నానాలు ఒక్కసారిగా పెరిగాయి, ఏ నెలలో మరణాల వరస పేజీ దాటింది, ఎవరు ఎక్కువమందికి జ్ఞానతల్లిగా నిలబడ్డారు... ఇదంతా అందులోనే ఉంది. అయితే ఒక జాగ్రత్త. పెళ్లి కాని తల్లుల పిల్లల వివరాలు, దత్తత వివరాలు కూడా ఆ పుస్తకాల్లోనే ఉంటాయి. అంకెలు వాడుకోండి. పేర్లు మాత్రం ఆ ఇంటివాళ్లను అడగకుండా అచ్చు వేయకండి.

నా లెక్క తప్పే సందర్భం ఒకటుంది. రెండు పాత విచారణల్ని కలిపి ఒకటి చేసినప్పుడు ఆజ్ఞాపత్రం మొన్నటిదై ఉంటుంది. ఎనభై ఏళ్లుగా ఉన్నవాళ్లతో ‘మన విచారణకు మూడేళ్లు’ అంటే ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అక్కడ రెండింటిలో పాత విచారణ తేదీనే తీసుకోవడం మేలు. రెండో దాని తేదీని కూడా ఆహ్వాన పత్రికలో అదే సైజు అక్షరాల్లో వేయాలి. లేకపోతే సగం మంది పండుగకే రారు.

వజ్రోత్సవం అరవైకా, డెబ్బయ్యైదుకా అన్న గొడవలోకి నేను దిగను. బైబిలులోని లేవీయకాండం 25వ అధ్యాయంలో జూబిలీ అంటే యాభయ్యో ఏడు. 1300లో మొదలైన రోము జూబిలీలను పాతికేళ్లకోసారి చేసింది పదిహేనో శతాబ్దపు పోపులు. మిగతా బిరుదులు మన సరదా.

ఆహ్వాన పత్రికలో మాత్రం ‘మా చర్చికి 50 ఏళ్లు’ అని వేయకండి. ‘విచారణగా ఏర్పడి 50 ఏళ్లు’ అని వేసి, దాని కింద మొదటి జ్ఞానస్నానం జరిగిన ఏడాదిని మరో వరసలో ఇవ్వండి. ఆ వరస కోసమే కమిటీలోని ఆ పెద్దాయన పత్రిక పట్టుకుని ఇంటింటికీ తిరుగుతాడు.