డమ్మీ టికెట్టా, అసలు టికెట్టా: రెండేళ్లకు పైగా తిరిగాక నా అనుభవం

2023 డిసెంబర్‌లో మలేషియా మనకు వీసా అవసరం లేకుండా చేసిన దగ్గర్నుంచి ఇప్పటిదాకా తొమ్మిది సార్లు వెళ్లొచ్చాను. ఎక్కువగా థాయిలాండ్, మలేషియా, రెండుసార్లు బాలి, ఒకసారి ఫిలిప్పీన్స్. ల్యాప్‌టాప్ మీద చేసే పని కాబట్టి వెళ్లే తేదీ ముందే తెలుస్తుంది, తిరిగొచ్చే తేదీ నాకే తెలియదు, అందుకని చాలాసార్లు వన్ వే టికెట్టే. అలా వెళ్లేవాళ్లకు తప్పనిది ఈ ఆన్‌వర్డ్ టికెట్ గొడవ, అంటే ఫలానా రోజున మీ దేశం వదిలి వెళ్లిపోతాను అని చూపించే టికెట్. మార్కెట్లో ఉన్న మూడు దారులూ నా డబ్బుతో నేనే వాడి చూశాను.

ముందు ఒక మాట. ఇది అక్కడి ఇమిగ్రేషన్‌లో అడుగుతారని అందరూ అనుకుంటారు. నన్ను బ్యాంకాక్‌లో ఒక్కసారి కూడా అడగలేదు, కౌలాలంపూర్‌లో ఒకే ఒక్కసారి అడిగారు. అసలు అడిగేది ఇక్కడే, శంషాబాద్‌లో, బ్యాగు బెల్టు మీద పెట్టకముందే. మనల్ని అక్కడ దేశంలోకి రానివ్వకపోతే వెనక్కి మోసుకురావాల్సింది ఎయిర్‌లైన్స్ వాళ్లే, పైగా జరిమానా పడొచ్చు. అందుకే కౌంటర్‌లో వాళ్లు టిమాటిక్ అనే డేటాబేస్‌లో మన పాస్‌పోర్టు ఏ దేశానిది, ఎక్కడికి పోతున్నాం అని కొట్టి చూస్తారు. రిటర్న్ గానీ ఆన్‌వర్డ్ గానీ కావాలి అని అందులో ఉంటే వాళ్లు అడుగుతారు. పోయినసారి అడగలేదండీ అని వాదించి లాభం లేదు, నేను వాదించి చూశాను.

ఇక డమ్మీ టికెట్. కొన్ని సైట్ల వాళ్లు పన్నెండు, పదమూడు వందలు తీసుకుని మన పేరు మీద నిజంగానే సీటు పట్టి పీఎన్‌ఆర్ పంపిస్తారు, టికెట్ డబ్బు కట్టరు కాబట్టి ఒకటి రెండు రోజుల్లో అది దానంతట అదే పోతుంది. నాలుగుసార్లు వాడాను, మూడుసార్లు ఏ ఇబ్బందీ లేదు. నాలుగోసారి 48 గంటలు ఉంటుందన్నారని ముందు రోజు పొద్దున్నే కొనేసి నిశ్చింతగా ఉన్నాను. రాత్రి ఒంటిగంట దాటాక కౌంటర్‌లో ఆ అమ్మాయి పీఎన్‌ఆర్‌లోని ఆ ఆరు అక్షరాలు కొట్టింది, మళ్లీ కొట్టింది, తర్వాత నా ఫోన్ తీసుకుని ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చూసుకుంటూ మూడోసారి కొట్టి, "సర్, ఇది క్యాన్సిల్ అయినట్టు చూపిస్తోందండి" అంది. కౌంటర్ మూయడానికి ఇంకా నలభై నిమిషాలు. లైన్ పక్కన సూట్‌కేసు మీద కూర్చుని బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి టికెట్ కొనబోతే ఓటీపీ రాదు, రెండుసార్లు పేమెంట్ ఫెయిల్. చేతులు వణికాయి. వెనకున్న పెద్దాయన ఒకరు "కంగారు పడకు బాబూ, టైముంది" అన్నారు, ఆ మాటకు కాస్త స్థిమితపడి వేరే కార్డు పెడితే అయ్యింది, 4,700 రూపాయలు. ఆ సైట్ వాళ్లకు మెయిల్ పెడితే ఎయిర్‌లైన్ తీసేస్తే మా బాధ్యత కాదన్నారు, డబ్బు వెనక్కి రాలేదు. తప్పక వాడాల్సి వస్తే ఇంటి నుంచి బయల్దేరే ముందు తీసుకోండి, ఎయిర్‌పోర్టులో లైన్లో నిలబడేముందు ఎయిర్‌లైన్ సైట్‌లో మీరే ఓసారి చూసుకోండి. రెండు మూడు వందలకు పాత టికెట్ పీడీఎఫ్ మీద పేరు మార్చి ఇచ్చేవాళ్లు కూడా ఉన్నారు, అది దొంగ కాగితం, దాని జోలికి మాత్రం పోవద్దు.

రీఫండబుల్ టికెట్ రెండుసార్లు తీసుకున్నాను. పని జరిగింది. కానీ ఇరవై వేలకు పైగా డబ్బు మూడు వారాలు ఇరుక్కుపోయింది, కన్వీనియన్స్ ఫీజు పోయింది, డాలర్లలో కట్టినందుకు కార్డు వాళ్ల మార్కప్ పోయింది. క్రెడిట్ కార్డు లిమిట్ బాగా ఉన్నవాళ్లకు సరే.

నాకు నిలిచింది చవక అసలు టికెట్టే. పోతే పోయింది అనుకునే ధరలో ఒక పక్క దేశానికి కొనడం, వీలైతే నిజంగానే అందులో వెళ్లడం. ఇందులోనూ మన పాస్‌పోర్టుకు ఒక మెలిక ఉంది. బ్యాంకాక్ నుంచి సింగపూర్‌కి టికెట్ చూపిస్తే, మరి సింగపూర్ వీసా ఏదీ అంటారు. అదే కౌలాలంపూర్ అయితే ఆ ప్రశ్న రాదు. థాయిలాండ్‌లోని హాట్ యాయ్ నుంచి మలేషియాలోని పెనాంగ్‌కి వ్యాన్ టికెట్ చూపిస్తే నాకు ఒప్పుకోలేదు, విమానం టికెట్టే కావాలన్నారు. రోజుల లెక్క కూడా జాగ్రత్త. థాయిలాండ్‌లో దిగిన రోజే మొదటి రోజు, కాబట్టి 30 రోజులైతే 31వ రోజు టికెట్ పనికిరాదు. ఫిలిప్పీన్స్ 2025 జూన్‌లో మనకు ఇచ్చింది 14 రోజులే. ఈ గడువులు మారుతుంటాయి, థాయిలాండ్ 2023లో 30 ఇచ్చి 2024 జూలైలో 60 చేసింది, టికెట్ కొనే రోజున చూసుకోవాల్సిందే. పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే కొట్టాలి. మన ఇంటిపేర్లను ఒక టికెట్‌లో అక్షరంతో, ఇంకోదాంట్లో పూర్తిగా రాస్తే రెండూ ఒకరివేనా అని ఆపుతారు.

టికెట్ కౌంటర్ దాటాక మన ఇమిగ్రేషన్ ఉంది. 2024లో విశాఖ కుర్రాళ్లను ఉద్యోగాల పేరుతో కంబోడియా తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన సంగతి బయటపడింది కదా, ఆ తర్వాత వన్ వే టికెట్‌తో ఒంటరిగా వెళ్తుంటే నన్ను ఎక్కువే అడుగుతున్నారు: ఏం పని, హోటల్ ఎక్కడ, ఎప్పుడొస్తావు. నాకు ఆ ప్రశ్నల మీద కోపం లేదు, అలా అడిగితే ఒక్కడు ఆగినా మంచిదే. అక్కడ చేతిలో అసలు టికెట్ ఉంటే రెండు నిమిషాల్లో వదిలేస్తారు.

పోయిన వేసవిలో అమ్మను కౌలాలంపూర్ తీసుకెళ్లాను. అమ్మ పదో తరగతి చదవలేదు, పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే కొన్ని దేశాలకు పనికి వెళ్లాలంటే ముందు మన ప్రభుత్వం నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాల్సిన రకం. మలేషియా, థాయిలాండ్ రెండూ ఆ ఈసీఆర్ దేశాల లిస్టులో ఉన్నాయి. చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు గానీ తిరుగు టికెట్ ఉండాలి. తనకు ఏ ప్రయోగమూ చేయలేదు, రానూపోనూ ఒకే పీఎన్‌ఆర్ మీద తీసుకుని, ప్రింటు తీసి తన హ్యాండ్‌బ్యాగులో పెట్టాను. ఆఫీసర్ అడగ్గానే తనే తీసి ఇచ్చింది.