నిచ్చెన కూడా గెలిచిన బెల్ట్: ఏళ్ల తరబడి ఫాలో అయ్యాక నా సమీక్ష

జపాన్‌లోని డీడీటీ ప్రో రెజ్లింగ్ వాళ్ల ఐరన్‌మ్యాన్ హెవీమెటల్‌వెయిట్ ఛాంపియన్‌షిప్ బెల్ట్‌ని నేను 2018 నుంచి ఫాలో అవుతున్నాను. మధ్యలో రెండు నెలలు తప్ప ఎప్పుడూ వదల్లేదు. దీని గురించి మన దగ్గర తెలిసినవాళ్లు తక్కువ. తెలిసినవాళ్లలో కూడా ఎక్కువమంది ఒక వైరల్ క్లిప్ చూసి, "కుక్కకి కూడా ఛాంపియన్‌షిప్ ఇచ్చారట" అని నవ్వేసి వెళ్లిపోయినవాళ్లే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. కానీ ఆ బెల్ట్‌ని నడిపేవాళ్లు దాన్ని ఎంత శ్రద్ధగా పట్టించుకుంటారో చూసేకొద్దీ ప్రేమ పెరిగింది. నా రేటింగ్ ఐదుకి నాలుగు. ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానో కూడా చెబుతాను.

ముందు కథ. డీడీటీ 1997లో మొదలైన చిన్న ఇండిపెండెంట్ కంపెనీ. దాన్ని నిలబెట్టినవాళ్లలో సన్షిరో తకాగి అనే రెజ్లర్ ముఖ్యుడు. 2000 ఫిబ్రవరిలో అమెరికాలో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ (ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈ) హార్డ్‌కోర్ ఛాంపియన్ క్రాష్ హాలీ, తన బెల్ట్‌ని ఎవరైనా ఎప్పుడైనా ఎక్కడైనా గెలుచుకోవచ్చని ప్రకటించాడు. డీడీటీ వాళ్లు దాన్ని పేరడీగా ఎత్తుకుని, అదే ఏడాది జూన్ 29న తమ బెల్ట్ తెచ్చారు. మొదటి ఛాంపియన్ పాయిజన్ సవాడా బ్లాక్. రూల్ చాలా సింపుల్. ఛాంపియన్ భుజాలు నేలకి ఆనించి పట్టుకుంటే (దీన్నే పిన్ అంటారు), అక్కడున్న రిఫరీ మూడు లెక్కపెడితే చాలు, బెల్ట్ చేతులు మారుతుంది. రింగ్‌లోనే ఉండాలని లేదు, డ్రెస్సింగ్ రూమ్ అయినా సరే, ప్రెస్‌మీట్ అయినా సరే. గెలిచేది మగా ఆడా, రెజ్లరా ప్రేక్షకుడా అన్న పట్టింపు లేదు. ప్రాణం ఉండాలన్న పట్టింపు కూడా లేదు.

చిన్నప్పుడు నేల-బండ ఆడినవాళ్లకి ఈ రూల్ వెంటనే ఎక్కేస్తుంది. ఆటలో దొంగ ఎవరో మారుతూనే ఉంటాడు, ఎవరూ ఎక్కువసేపు ఊపిరి పీల్చుకోలేరు. ఇక్కడ ఆ టెన్షన్ అంతా ఛాంపియన్‌ది.

నా తరం వాళ్లకి రెజ్లింగ్ అంటే స్కూల్లో ఆడిన ట్రంప్ కార్డులు, కేబుల్ టీవీలో వచ్చిన అమెరికా షోలు. ఆ హార్డ్‌కోర్ బెల్ట్‌ని నేను కూడా టీవీలో చూశాను. 2002 ఆగస్టులో దాన్ని అదే కంపెనీ ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్‌లో కలిపేశారు, అయిపోయింది. మళ్లీ 2019 మేలో అదే పద్ధతితో డబ్ల్యూడబ్ల్యూఈ 24/7 అనే కొత్త బెల్ట్ తెచ్చింది. మూడున్నరేళ్లకి, 2022 నవంబర్‌లో అదీ పోయింది. పేరడీగా పుట్టిన డీడీటీ బెల్ట్ మాత్రం ఇరవై ఏళ్లు దాటినా నడుస్తూనే ఉంది. ఎందుకంటే అమెరికాలో ఆ రెండు బెల్టులూ చివరికి పరుగెత్తి పట్టుకునే సీన్లకే పరిమితమైపోయాయి. డీడీటీ వాళ్లు ప్రతిసారీ "ఈసారి ఎవరు గెలిస్తే బాగుంటుంది" అని కూర్చుని ఆలోచిస్తారు. ఆ ఆలోచన తెర మీద కనిపిస్తుంది.

నిచ్చెన సంగతి తీసుకోండి. రింగ్‌లో వాడే మడత నిచ్చెన ఛాంపియన్ మీద పడుతుంది, అతను లేవలేడు, రిఫరీ మూడు కొడతాడు. అంతే, నిచ్చెన ఛాంపియన్. ఇక్కడి వరకు ఎవరైనా రాయగలరు. అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. నిచ్చెన ఛాంపియన్ అయ్యిందంటే దాన్ని ఓడించాలనుకునేవాడు దాని మీద పడుకుని పిన్ చేయాలి, రిఫరీ నిజంగా వంగి దాని భుజాలు నేలకి ఆనాయో లేదో చూడాలి, కామెంటేటర్లు "ఛాంపియన్" అనే సంబోధించాలి. ఒక్కరు పెదవి విరిచినా ఆ లోకం కూలిపోతుంది. ఇన్నేళ్లలో రిఫరీలు నవ్వుతూ లెక్కపెట్టడం నేను చూడలేదు.

కోకోలో అనే మినియేచర్ డాక్స్‌హుండ్ కుక్కపిల్ల కూడా ఛాంపియన్ల జాబితాలో ఉంది. యోషిహికో అనే బొమ్మ చాలాసార్లు ఉంది. ఆ యోషిహికో గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి.

కోటా ఇబుషి అనే రెజ్లర్‌కి, ఈ బొమ్మకి జరిగిన పాత మ్యాచ్ ఒకటుంది. నేను ఇప్పటికి పదిసార్లన్నా చూసి ఉంటాను. మొదటిసారి బొమ్మనే చూస్తాం. మూడోసారికి ఇబుషిని చూడటం మొదలుపెడతాం. బొమ్మకి బరువు లేదు, దాన్ని బరువుగా చూపించాల్సింది ఎదుటివాడే. బొమ్మ తనకి కెనడియన్ డిస్ట్రాయర్ (ఎదుటివాణ్ణి గాల్లో తిప్పి తలకిందులుగా పడేసే దెబ్బ) వేసినట్టు కనిపించాలంటే ఇబుషి తన ఒంటిని తానే గాల్లో తిప్పుకుని, తల కిందుగా తానే పడాలి. ఆ తిరిగే క్షణంలో కూడా బొమ్మ తన మీంచి జారిపోకుండా చూసుకోవాలి. ఒకసారి ఆ మ్యాచ్ టీవీలో పెట్టుకుని చూస్తుంటే అమ్మ చాట పట్టుకుని బియ్యం ఏరుతూ పక్కన కూర్చుంది. కాసేపటికి ఏరడం ఆపేసింది.

"ఏరా, ఆ బొమ్మని అలా విసిరేస్తున్నాడు, పాపం కదరా?"

"బొమ్మేనమ్మా అది."

"తెలుసులేరా. అయినా చూడలేకపోతున్నా."

రెజ్లింగ్ అంటే అస్సలు పడని మనిషి ఆమె. అలాంటామె ఒక గాలి బొమ్మ గురించి బాధపడేలా చేశాడంటే ఇబుషి ఎంత గొప్ప పనివాడో నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇక మార్కు తగ్గించిన కారణం. ఈ టైటిల్ 2014లో వెయ్యో ఛాంపియన్‌కి చేరింది. ఆ వెయ్యో ఛాంపియన్ ఎవరో కాదు, ఆ బెల్టే. తన టైటిల్‌ని తానే గెలుచుకుంది. ఆలోచన అద్భుతం, నాకు ఇప్పటికీ ఇష్టమైనదే. కానీ అంత అంకె వచ్చిందంటే దాని వెనక నిమిషానికోసారి బెల్ట్ మారిన సీన్లు చాలానే ఉన్నాయి. ఇద్దరు రెజ్లర్లు ఒకరి మీద ఒకరు దొర్లుతూ గబగబా పిన్ చేసుకుంటుంటే రికార్డులో ఒక్కో పిన్‌కి ఒక్కో ఛాంపియన్ చేరతాడు. హాల్లో కూర్చున్నవాళ్లకి అది సరదాగా ఉంటుందేమో కానీ, వరసగా ఫాలో అయ్యే నాలాంటివాడికి అక్కడ కథ తెగిపోతుంది. కుక్కపిల్ల గెలిచిన రోజుకి ఉన్న విలువ ఆ దొర్లుడులో వచ్చిన గెలుపుకి లేదు. అంకెల కోసం పెంచిన అంకెలు అవి.

దీనికి పూర్తి భిన్నంగా నాకు బాగా నచ్చింది 2019లో షిన్యా అఓకి ఛాంపియన్‌గా ఉన్న కాలం. ఆయన అసలు ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) ఫైటర్, సబ్మిషన్లలో, అంటే ఎదుటివాణ్ణి లొంగదీసే పట్లలో, ప్రపంచమంతా పేరున్నవాడు. అలాంటివాడి చేతికి ఈ బెల్ట్ వెళ్లాక మొత్తం వాతావరణం మారిపోయింది. దొంగచాటుగా మీద పడదామని వచ్చినవాడి చెయ్యి మరుక్షణంలో ఆయన పట్టులో ఉంటుంది. ఇరవై నాలుగ్గంటలూ జాగ్రత్తగా ఉండాల్సిన బెల్ట్‌ని నిజంగానే ఇరవై నాలుగ్గంటలూ జాగ్రత్తగా ఉండే మనిషికి ఇస్తే ఏమవుతుందో చూపించారు. నా లెక్కలో ఈ బెల్ట్‌కి అది చాలా మంచి కాలం. సకీ అకై, హైపర్ మిసావో లాంటి ఆడవాళ్లు మగ రెజ్లర్ల నుంచి గెలుచుకున్న సందర్భాలు కూడా బాగుంటాయి. ఈ బెల్ట్ దగ్గర అది వింతగా అనిపించదు, మామూలు విషయమే.

ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి. డీడీటీ అంటే ఇదొక్కటే కాదు. అదే కంపెనీలో కేఓ-డీ ఓపెన్‌వెయిట్ అనే పెద్ద టైటిల్ ఉంది. 2012 ఆగస్టు 18న నిప్పాన్ బుడోకాన్ అరీనాలో దానికోసం ఇబుషి, కెన్నీ ఒమేగా తలపడ్డారు. ఇబుషి గెలిచాడు. ఇప్పుడు అమెరికాలో పేరు తెచ్చుకున్న కొనొసుకే తకెషితా స్కూల్లో చదువుకుంటూ మొదటి మ్యాచ్ ఆడింది కూడా ఆ రోజే. ఆ పెద్ద టైటిల్ అంత బలంగా నిలబడింది కాబట్టే ఈ చిన్న బెల్ట్‌కి ఇంత స్వేచ్ఛ దొరికిందని నాకనిపిస్తుంది. రెండూ కలిపి చూడండి, అప్పుడే రుచి తెలుస్తుంది.

చూడటం ఎలా అంటారా. డీడీటీ షోలు ఆన్‌లైన్‌లో నెలవారీ చందాతో వస్తాయి, చందా యెన్‌లలో కట్టాలి. జపాన్ టైమ్ మనకంటే మూడున్నర గంటలు ముందు. టోక్యోలోని కోరాకుఎన్ హాల్‌లో సాయంత్రం ఆరున్నర షో అంటే మనకి మధ్యాహ్నం మూడు. పొద్దున పదకొండున్నర షో అయితే మనకి ఎనిమిది, టిఫిన్ టైమ్. ఆదివారాలు నాకు బాగా సరిపోయింది. నేను మానేసిన ఆ రెండు నెలలు 2021 చివర్లో. ఇక్కడ ఆటో డెబిట్ నిబంధనలు మారాక నా కార్డు నుంచి డబ్బు కట్ కాలేదు. బ్యాంకుకి మూడుసార్లు తిరిగాను, చివరికి వేరే కార్డు పెట్టుకోవాల్సి వచ్చింది. మీరు చందా కట్టే ముందు మీ కార్డుకి విదేశీ లావాదేవీలు ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి.

భాష రాకపోతే ఇబ్బంది అనుకోకండి. రిఫరీ మూడు కొట్టడం ఏ భాషలోనైనా అర్థమవుతుంది. చరిత్ర మొత్తం వరసగా చూడాలని మాత్రం కూర్చోకండి, అలసిపోతారు. ముందు ఇబుషి, యోషిహికో మ్యాచ్ చూడండి. తర్వాత అఓకి కాలం చూడండి. ఆ తర్వాత ఏదైనా ఒక కొత్త షో పెట్టుకుని, బెల్ట్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో, అసలు దేని దగ్గరుందో వెతకండి.