విండోస్ 11: షాపు కౌంటర్ మీద పనికి ఎలా ఉంది?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. గుంటూరు అరండల్‌పేట డీటీపీ షాపైనా, మిర్చి యార్డు కమీషన్ కొట్టైనా ఇక 11కి రాక తప్పదు. లోపల సరుకు బాగానే ఉంది. విసిగించేదంతా పైపై మార్పులే.

అన్నిటికన్నా చేతికి అడ్డం పడేది రైట్ క్లిక్ మెనూ. ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి పంపే 'సెండ్ టు' ఇదివరకు కళ్లెదుటే ఉండేది. ఇప్పుడు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కితే గానీ రాదు. రోజుకు వంద ఫైళ్లు ఎక్కించే చోట వంద క్లిక్కులు దండగ! షిఫ్ట్ నొక్కి పట్టుకుని రైట్ క్లిక్ చేయండి, పాత మెనూ నేరుగా వస్తుంది.

టాస్క్‌బార్ రెండో తలనొప్పి. నాలుగు ఎక్సెల్ బిల్లులు తెరిస్తే నాలుగూ ఒకే బొమ్మ కింద దాక్కుంటాయి, పేర్లు కనబడవు. సెట్టింగ్స్, పర్సనలైజేషన్, టాస్క్‌బార్, టాస్క్‌బార్ బిహేవియర్స్‌లోకి వెళ్లి 'కంబైన్' దగ్గర 'నెవర్' పెట్టాలి. 2021లో తీసేసిన ఈ సదుపాయాన్ని జనం మొత్తుకున్నాక 2023లో తిరిగిచ్చారు. అక్కడే అలైన్‌మెంట్ 'లెఫ్ట్' చేసేయండి. మధ్యలో వదిలేస్తే, కొత్త ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా స్టార్ట్ బటన్ పక్కకు జరుగుతుంది, అలవాటైన చెయ్యి ఖాళీ చోట నొక్కుతుంది.

మార్కులు అయిదుకి మూడు. విండోస్ 11కి టీపీఎం అనే సెక్యూరిటీ చిప్ కావాలి. అందుకే సెకండ్‌హ్యాండ్ సిస్టమ్ బేరమాడే ముందు రన్‌లో (విండోస్ కీ, R కలిపి నొక్కితే వస్తుంది) 'టీపీఎం డాట్ ఎంఎస్‌సీ' (tpm.msc) కొట్టి, స్పెసిఫికేషన్ వెర్షన్ 2.0 అని ఉందో లేదో చూసుకోండి. ప్రాసెసర్ ఇంటెల్ అయితే ఎనిమిదో తరం, ఆపైదే తీసుకోండి.