ఉద్దానం ఇసుక బాటలో గాలి యంత్రం: ఏడాది వాడకం తర్వాత

సోంపేట నుంచి సముద్రం వైపు వెళ్ళే దారిలో మా మేనమామ గారికి కొబ్బరి, జీడి తోట ఉంది. తారు రోడ్డు ముగిసిన చోటు నుంచి తోట దాకా సుమారు రెండు కిలోమీటర్లు ఉద్దానం ఇసుక బాటే. వానలకు తడిసి ఉన్నప్పుడు ఆ బాట మీద ఏ బండైనా వెళ్తుంది గాని, ఎండాకాలంలో మాత్రం నాలుగు చక్రాలకూ ఇంజన్ శక్తి అందే మా థార్ సైతం రెండుసార్లు ఇరుసుల దాకా కూరుకుపోయింది. టైర్లలో గాలి తగ్గించడం నేర్చుకున్నాక ఆ బాధ తప్పింది. కానీ తగ్గించిన గాలిని మళ్ళీ ఎక్కించుకోవడానికి దగ్గరలో పెట్రోలు బంకు లేదు. ఆ అవసరం కొద్దీ ఆన్‌లైన్‌లో కొన్న రెండు సిలిండర్ల 12 వోల్టుల గాలి యంత్రం గురించి ఈ సమీక్ష. ఒకే యంత్రం రంగు మార్చుకొని మూడు నాలుగు పేర్లతో అమ్ముడవుతున్నందున బ్రాండు పేరు చెప్పడం లేదు.

మొదటిసారి తారు రోడ్డు చివర ఆగి గాలి తీస్తుంటే, తోట చూసుకునే పెద్దాయన "గాలి తీసేస్తే ఇంకా దిగబడిపోదేటి బాబూ?" అని అడిగారు. చాలామందికి కలిగే సందేహమే ఇది. గాలి తగ్గితే టైరు అడుగు భాగం ముఖ్యంగా పొడవుగా సాగి నేలను తాకుతుంది. బండి బరువు ఎక్కువ చోటు మీద పరుచుకోవడంతో చక్రం ఇసుకను తవ్వుకుంటూ దిగిపోకుండా దాని మీదుగా వెళ్తుంది. తారు రోడ్డు మీద 32 పీఎస్ఐ ఉంచే నేను ఇక్కడ 18కి దించుతాను. మరీ కూరుకుపోతే 15 దాకా వెళ్ళవచ్చు గాని, ఇంకా తగ్గిస్తే మలుపులో టైరు అంచు రిమ్ము నుంచి ఊడివచ్చే ప్రమాదం ఉంది. గాలి తక్కువైనప్పుడు టైరు పక్కలు ఉబ్బి బయటికి వస్తాయి కాబట్టి, 2018లో తిత్లీ తుపానుకు చెట్లు కూలిన ఈ ప్రాంతంలో ఇసుకలో దాగిన మోళ్ళను చూసుకుంటూ నెమ్మదిగా నడపాలి.

ఇక యంత్రం సంగతి. దీనికి ముందు నా దగ్గర సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే చిన్న పంపు ఉండేది. ఆ సాకెట్‌కు సాధారణంగా 10 నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు మాత్రమే ఉంటుంది, కనుక దానితో నడిచే ఏ పంపు శక్తికైనా హద్దు ఉంటుంది. ఒక్కో టైరుకు ఆరు నిమిషాలు పట్టేది. రెండో టైరు పూర్తయ్యేసరికి పంపు వేడెక్కి దానంతట అదే ఆగిపోయేది. కొత్త యంత్రం తీగలను నేరుగా బ్యాటరీకి క్లిప్పులతో తగిలించాలి, ఇంజన్ నడుస్తూనే ఉండాలి.

పెట్టె మీద నిమిషానికి 70 లీటర్లు అని ముద్రించారు. మా టైరు లోపల సుమారు 65 లీటర్ల చోటు ఉందనుకుంటే, 18 నుంచి 32కి తేవడానికి బయటి గాలి మరో 60 లీటర్లు చాలు, అంటే నిమిషం లోపు పని అయిపోవాలి. నిజానికి రెండు నిమిషాల ఇరవై సెకన్లు పట్టింది. ఆ 70 లీటర్ల లెక్క గొట్టం చివర ఏ అడ్డూ లేనప్పటిది. టైరులోని ఒత్తిడికి ఎదురు నెట్టవలసి వచ్చినప్పుడు ప్రవాహం పడిపోతుంది. అందుచేత కొనేవారు ఈ అంకె కన్నా, ఆగకుండా ఎంతసేపు నడుస్తుందో చూసుకోవడం మంచిది. ఏప్రిల్ ఎండలో సైతం నాలుగు టైర్లకూ ఇది ఏకబిగిన గాలి ఎక్కించింది. నా దృష్టిలో ఈ ఒక్క గుణానికే దీని ధర గిట్టుబాటైంది.

లోపాలూ లేకపోలేదు. గొట్టం మీది గేజ్ యంత్రం నడుస్తున్నంతసేపూ మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది. గొట్టంలోని ఒత్తిడి కూడా కలిసిపోవడమే దానికి కారణం గనుక, యంత్రాన్ని ఆపి చూడాలి. వాల్వుకు బిగించే ఇత్తడి మర నాలుగో టైరు దగ్గరకు వచ్చేసరికి చేతితో పట్టుకోలేనంత కాలుతుంది. గుడ్డ సంచి జిప్పు ఉప్పు గాలికి ఆరు నెలల్లోనే బిగుసుకుపోయింది. యంత్రాన్ని ఇసుక మీద పెడితే గాలి వడపోత స్పాంజి నిండా ఇసుక చేరుతుంది. నేను ఇప్పుడు పాత గోనెపట్టా పరిచి దాని మీద పెడుతున్నాను.

గాలి దించే సాధనం మాత్రం ఈ పెట్టెలో లేదు, అది విడిగా కొనాలి. వాల్వు పిన్ను విప్పితే గాలి త్వరగా పోతుంది, అయితే ఒకసారి ఆ పిన్ను చేతిలోంచి ఎగిరి ఇసుకలో పడి మరి దొరకలేదు. అప్పటి నుంచి పంక్చర్ షాపులో కొన్న నాలుగు పిన్నులు బండిలోనే ఉంచుతున్నాను. జాతీయ రహదారి మీద గంటన్నర నడిచి వచ్చిన టైరు వేడికి 35 చూపిస్తుంది. దాన్ని 18కి దించితే చల్లారాక ఇంకా తక్కువే ఉంటుంది. అందుకే నేను వేడి టైరును 20 దగ్గర ఆపేస్తాను.

ఎప్పుడూ తారు రోడ్ల మీదే తిరిగేవారికి ఇంత బరువైన యంత్రం అక్కరలేదు; బంకుల్లో గాలి ఉచితమే, పంక్చర్ అయిన నాటికి చిన్న సాకెట్ పంపు చాలు. తోటలకు, ఏటి ఇసుకకు తరచుగా వెళ్ళేవారు మాత్రం దీనితోపాటు ఒక మంచి విడి గేజ్ కూడా కొనుక్కోవాలి.