కడుపుతో ఉండగా అండాశయం క్యాన్సర్: మా చెల్లికి ఇక్కడ అందిన వైద్యం

నాలుగు స్టార్లు ఇస్తున్నాను. మా చెల్లికి మూడో నెల స్కాన్‌లో కుడి అండాశయం మీద పెద్ద గడ్డ కనిపించింది. ముందు చూపించిన నర్సింగ్ హోమ్‌లో అదేమిటో తేలకముందే అబార్షన్ చేయించేసుకోండి అని ఒక్క ముక్కలో తేల్చేశారు. నాకు ఇప్పటికీ కోపమే.

ఈ హాస్పిటల్లో గైనిక్ డాక్టరమ్మ, క్యాన్సర్ డాక్టరు, పిల్లల డాక్టరు ముగ్గురూ కలిసి కూర్చుని మాతో మాట్లాడారు, అదే మాకు కొండంత ధైర్యం. సీటీ వద్దని, స్కాన్‌లో స్పష్టంగా కనపడ్డానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందు లేకుండానే ఎంఆర్ఐ తీశారు. క్యాన్సర్ జాడ కోసం రక్తంలో చూసే ఏఎఫ్‌పీ, సీఏ-125 గర్భంలో మామూలుగానే పెరుగుతాయి, ఆ అంకెలు చూసి బెంబేలెత్తొద్దని చెప్పి ఎల్‌డీహెచ్ అనే ఇంకో రక్త పరీక్ష మీద కన్నేసి ఉంచారు. నాలుగో నెలలో ఆపరేషన్ చేసి ఆ పక్క అండాశయం, ట్యూబు తీసేశారు. గర్భాన్ని నిలబెట్టే హార్మోన్ పని అప్పటికి మాయ అందుకుంటుందట, అన్నాళ్లు ఆగింది అందుకే. రిపోర్టులో డిస్‌జెర్మినోమా అని, అంటే అండాశయంలోని అండ కణాల నుంచి పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. పొట్టలోని నీటిలో కూడా కణాలు దొరకడంతో కీమో తప్పదన్నారు.

కీమో మాట వినగానే అమ్మ ఏడుపు ఆపలేదు. డాక్టరుగారు ఆవిడ పక్కనే కూర్చుని, అవయవాలు తయారయ్యే మొదటి మూడు నెలల్లో ఇవ్వం, ఆ తర్వాత ఇవ్వొచ్చు అని ఓపిగ్గా చెప్పారు. కడుపుతో ఉండగా క్యాన్సర్ వచ్చిన తల్లుల పిల్లల్ని 129 మందిని పరిశీలించి 2015లో వేసిన పరిశోధన గురించి కూడా చెప్పారు, వాళ్ల ఎదుగుదల మిగతా పిల్లల్లాగే ఉందట, నెలలు నిండకుండా పుట్టిన వాళ్లే కాస్త వెనకబడ్డారట. అందుకే తొందరపడి కాన్పు చేయకుండా నెలలు నిండేదాకా ఆగారు.

బీఈపీ అనే మూడు మందుల కీమో మూడు సైకిళ్లు ఎక్కించారు. సూది గుచ్చే ముందు సిస్టర్ ప్రతిసారీ డాప్లర్ పెట్టి బిడ్డ గుండె చప్పుడు చెల్లికి వినిపించేది, కుడి నడుం కింద దిండు సర్ది ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టేది. పాప ఆరోగ్యంగా పుట్టింది, మాయని కూడా పరీక్షకి పంపారు, అందులో ఏమీ లేదు. కీమో అయిపోయి చాలా రోజులైంది కాబట్టి పాలు కూడా పట్టొచ్చన్నారు.

ఒక స్టార్ తగ్గించింది బిల్లింగ్ వాళ్ల వల్ల. కాన్పు ఖర్చు వేరు, క్యాన్సర్ ఖర్చు వేరు అని ఇన్సూరెన్స్ కాగితాలకి మా బావగారిని రెండు బ్లాకుల మధ్య తిప్పారు, నిండు గర్భిణికి డే కేర్‌లో మంచం అడిగి తీసుకోవాల్సి వచ్చింది. వచ్చేవాళ్లు చేరిన రోజే రెండు అప్రూవల్సూ ఒకేసారి పెట్టించుకోండి, మంచం సంగతి ముందురోజే ఫోన్ చేసి చెప్పండి.