భద్రతా శిక్షణ: వయసు చూసి ఇవ్వాలా, అనుభవం చూసి ఇవ్వాలా?

పనిచోట ప్రమాదాలు జరగకుండా ఇచ్చే భద్రతా శిక్షణను కుర్రవాళ్లకు, పెద్దవాళ్లకు వేర్వేరుగా పెడితే మంచిదా అని చాలామంది పదేపదే అడుగుతున్నారు. నా ఓటు వయసుకు కాదు, చేస్తున్న పనిలో గడిపిన కాలానికి.

వయసు వైపూ బలమైన లెక్కలే ఉన్నాయి. 25 ఏళ్లు దాటినవారితో పోలిస్తే 15–24 ఏళ్ల కార్మికులకు ప్రాణాంతకం కాని గాయాలు 40 శాతం వరకు ఎక్కువని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతోంది. పెద్దవారు గాయపడితే కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. అయితే కొత్తగా చేరేవారిలో కుర్రవాళ్లే ఎక్కువ. కెనడాలోని ఒంటారియోలో జరిగిన అధ్యయనాల ప్రకారం, ఏడాది దాటినవారికన్నా మొదటి నెలలో ఉన్నవారికి, పని మానుకోవలసి వచ్చేంత గాయం తగిలే ముప్పు మూడు రెట్లకు పైగా ఉంటుంది. అలవాటు లేని యంత్రం ముందు నిలబడితే యాభై ఏళ్ల మనిషీ కొత్తవాడే.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది వయసు వేసే ముద్ర. కుర్రవాళ్లది దూకుడు అని అందరూ అంటుంటే, సందేహం అడిగితే చేతకానివాడినంటారేమోనని యువకుడు నోరు మెదపడు. పెద్దాయన బరువెత్తడానికి తోడు అడగడు. వయసైపోయిందని పక్కన పెడతారని భయం. నెరిసిన జుట్టు చూసి సూపర్‌వైజర్ కూడా, ఈయనకు తెలియనిదేముందని వివరణ దాటవేస్తాడు. పెద్దాయన యంత్రానికుండే రక్షణ కవచం (గార్డు) తీసి నడుపుతున్నా చిన్నవాడు ఆపలేడు. నలుగురూ మౌనంగా ఉన్నచోట ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఎలా? వయసు వారీ తరగతులు పెడితే ఆ ముద్రను సంస్థే స్వయంగా వేసినట్టవుతుంది.

పెద్దవారికి, చిన్నవారికి జోడీ కట్టడం నాకు నచ్చుతుంది, చిన్నవాడికి కూడా ‘ఆగండి’ అనే హక్కు ఉంటేనే. అందరికీ ఒకే శిక్షణ పెట్టడం సులువు, అంతకుమించి ప్రయోజనం లేదు.

వయసును తప్పక చూడవలసింది పని స్థలం అమరికలో. జర్మనీలోని డింగోల్ఫింగ్ బీఎండబ్ల్యూ కర్మాగారంలో 2007లో ఒక ఉత్పత్తి లైనులో సగటు వయసు 47 ఉండేలా కార్మికులను పెట్టి, వారి సూచనలతో చెక్క నేల, భూతద్దాలు వంటి 70 చిన్న మార్పులు చేశారు. ఏడాదిలో ఉత్పాదకత 7 శాతం పెరిగింది. చెక్క నేల మీద ఇరవై ఏళ్ల కాళ్లకూ హాయే కదా!

శిక్షణ జాబితా మాత్రం ఇలా వేయండి: మొదటి నెలలో ఉన్నవారు, యంత్రం మారినవారు, దీర్ఘ సెలవు నుంచి తిరిగొచ్చినవారు. పుట్టిన తేదీ గడి అక్కర్లేదు.